రెండు రేఖీయ ప్రమేయాల సంయుక్త ప్రమేయాన్ని కనుక్కోవడం ఎలా?

నెల్లూరు జిల్లాలో ధాన్యం బేరం పుట్లలో నడుస్తుంది. పుట్టి అంటే 850 కిలోలు. రైతు చేతికి వచ్చే సొమ్ము తేల్చాలంటే ముందు పుట్లను కిలోలుగా, ఆ కిలోలను రూపాయలుగా మార్చాలి. ఇలా ఒక ప్రమేయం, అంటే ఒక సంఖ్యను మరో సంఖ్యగా మార్చే నియమం, ఇచ్చిన ఫలితాన్ని మరో ప్రమేయానికి అందించగా ఏర్పడేదే సంయుక్త ప్రమేయం.

కిలో ధర 20 రూపాయలనీ, ధాన్యాన్ని మిల్లుకు చేర్చిన ట్రాక్టరు బాడుగ మొత్తం మీద 1500 రూపాయలనీ అనుకుందాం. అప్పుడు పుట్లను కిలోలుగా మార్చే ప్రమేయం జి(ఎక్స్) = 850ఎక్స్, కిలోలను సొమ్ముగా మార్చే ప్రమేయం ఎఫ్(ఎక్స్) = 20ఎక్స్ − 1500 అవుతాయి. ఇలా ఎక్స్‌ను ఒక సంఖ్యతో గుణించి, అవసరమైతే మరో సంఖ్యను కలిపే లేదా తీసివేసే ప్రమేయాలే రేఖీయ ప్రమేయాలు. మనకు కావలసింది ఎఫ్(జి(ఎక్స్)). రాతలో ఎఫ్ ముందున్నా, లోపల ఉన్న జి మొదట పనిచేస్తుందని గుర్తించాలి.

మొదట బయటి ప్రమేయంలో ఎక్స్ ఉన్నచోట ఖాళీ బ్రాకెట్ వేసుకోవాలి: 20( ) − 1500. తర్వాత ఆ ఖాళీలో జి సూత్రాన్ని పూర్తిగా ఉంచాలి: 20(850ఎక్స్) − 1500. సూక్ష్మీకరిస్తే 17000ఎక్స్ − 1500 వస్తుంది. సరిచూడటానికి 3 పుట్లు తీసుకుంటే, 2550 కిలోలకు 51,000 రూపాయలు, బాడుగ పోగా 49,500. సూత్రమూ అదే ఇస్తుంది.

వరస తిప్పితే జి(ఎఫ్(ఎక్స్)) = 850(20ఎక్స్ − 1500), అంటే 17000ఎక్స్ − 12,75,000. బీజగణితపరంగా ఇందులో తప్పేమీ లేదు కానీ, రూపాయలను పుట్లుగా భావించి 850తో గుణించినట్టయింది కనుక ధాన్యం లెక్కలో దీనికి అర్థం లేదు.

రుణ గుర్తు ఎదురైనప్పుడు బ్రాకెట్ విలువ తెలుస్తుంది. ఎఫ్(ఎక్స్) = 3ఎక్స్ − 4, జి(ఎక్స్) = 5 − 2ఎక్స్ అయితే, జి(ఎఫ్(ఎక్స్)) = 5 − 2(3ఎక్స్ − 4) = 5 − 6ఎక్స్ + 8 = 13 − 6ఎక్స్. విద్యార్థులు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఆ 8 ముందు గుర్తు దగ్గరే: −2తో −4ను గుణిస్తే ధనసంఖ్య వస్తుంది. రెండో వరసలో ఎఫ్(జి(ఎక్స్)) = 3(5 − 2ఎక్స్) − 4 = 11 − 6ఎక్స్.

ఏ వరసలో చేసినా ఎక్స్ గుణకం మారదు, ఎందుకంటే అది రెండు ప్రమేయాల గుణకాల లబ్ధం, మారేది స్థిరపదం. అది కూడా మారని జతలు లేకపోలేదు. 2ఎక్స్ + 1, 3ఎక్స్ + 2 అనే ప్రమేయాలను ఎటు కూర్చినా 6ఎక్స్ + 5 వస్తుంది.