ఇంగ్లిష్‌లో కామా: మన ‘-తే’ చేసే పనే

‘వెన్ ద బస్ లెఫ్ట్ వరంగల్ వాజ్ డార్క్.’ గబగబా చదవండి. బస్సు వరంగల్ వదిలిందనుకుంటూ పోతాం. ‘వాజ్ డార్క్’ దగ్గర తట్టుకుని ఆగి, మళ్లీ మొదటికి వస్తాం. ‘లెఫ్ట్’ తర్వాత కామా పెడితే సంగతి తేలిపోతుంది: బస్సు కదిలేటప్పటికి వరంగల్‌లో చీకటిగా ఉంది.

తెలుగులో ఈ చిక్కు రాదు. ‘రేపు వాన పడితే మార్కెట్ బంద్ ఉంటది’ అన్నప్పుడు, ‘-తే’ వినగానే ముందు మాట అయిపోయిందని చెవికి తెలుస్తుంది. ‘-ప్పుడు’, ‘-గానే’, ‘-నా’, ‘కాబట్టి’ అన్నీ అంతే, ఆ భాగం చివర వచ్చి హద్దు గీస్తాయి. ఇంగ్లిష్‌లో ‘ఇఫ్’, ‘వెన్’, ‘బికాజ్’, ‘ఆల్‌దో’ మొదట్లోనే వచ్చి కూర్చుంటాయి. ఆ భాగం ఎక్కడ ముగిసిందో చెప్పే మాట ఇంకోటి ఉండదు. ఆ పని కామాది. కాబట్టి ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో’ దాకా రాశాక, తెలుగులో ‘-తే’ పడే చోట కామా పెట్టి, ‘ద మార్కెట్ విల్ బి క్లోజ్డ్’ అని సాగండి.

అదే వాక్యాన్ని తిప్పి ‘ద మార్కెట్ విల్ బి క్లోజ్డ్ ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో’ అంటే కామా అక్కర్లేదు. ఇప్పుడు ‘ఇఫ్’ నడిమిట్ల ఉండి తనే హద్దు చూపిస్తోంది.

ఊపిరి ఆగిన చోట కామా పెట్టమని బళ్లో చెబుతారు. దాన్ని నమ్ముకోవద్దు, ఒక్కొక్కరి ఊపిరి ఒక్కోచోట ఆగుతుంది. బదులుగా ఇలా చేయండి. ముందు అసలు క్రియ కింద గీత గీయండి. ఆ పని ఎవరు చేశారు, ఏది చేసింది అని అడిగి కర్తను పట్టండి. ఆ కర్తకు ముందున్నదంతా వేలితో మూసి, మిగిలింది చదవండి. అది సొంతంగా నిలబడే వాక్యమైతే, వేలు ముగిసిన చోటే కామా చోటు.

ఈ పరీక్ష ఎక్కువగా పనికొచ్చేది ‘టు’తో, ‘-ఇంగ్’తో మొదలయ్యే వాక్యాల్లో. ‘టు రీచ్ రామప్ప, టేక్ ద ములుగు రోడ్’లో కామా ఉండాలి. ‘టు రీచ్ రామప్ప బై నూన్ ఈజ్ ఈజీ’లో మాత్రం ‘ఈజ్’కు ముందున్నదంతా కర్తే. దాన్ని కర్తకు ముందున్న ముక్క అనుకుని మూస్తే ‘ఈజ్ ఈజీ’ ఒక్కటే మిగులుతుంది, అది నిలబడదు. కర్తకూ క్రియకూ మధ్య కామా పెట్టడం పెద్ద తప్పు.

‘-ఇంగ్’తో ఇంకో ప్రమాదముంది. ‘కోటలోకి అడుగు పెట్టగానే తోరణాలు కనిపించాయి’ అనేది తెలుగులో చక్కటి వాక్యం, ‘-గానే’కు కర్త వేరే ఉండొచ్చు. దాన్నే ‘ఎంటరింగ్ ద ఫోర్ట్, ద ఆర్చెస్ కేమ్ ఇంటూ వ్యూ’ అని రాస్తే, తోరణాలే కోటలోకి నడిచి వెళ్లినట్టు అవుతుంది. కామా సరైన చోటే ఉంది, తప్పు కర్తలో ఉంది. ‘ఎంటరింగ్ ద ఫోర్ట్, వియ్ సా ద ఆర్చెస్’ అనాలి.

‘ఇన్ 2021’, ‘ఎట్ నైట్’ లాంటి రెండు మూడు మాటల ముక్కల తర్వాత కామా మీ ఇష్టం. ‘ఇన్ 2021 రామప్ప బికేమ్ ఎ వరల్డ్ హెరిటేజ్ సైట్’ కామా ఉన్నా లేకున్నా ఒప్పే. ఒక వ్యాసంలో ఏదో ఒక పద్ధతికి కట్టుబడండి. నాలుగైదు మాటలు దాటితే పెట్టడమే మేలు. రెండు అంకెలు పక్కపక్కన పడితే మాత్రం తప్పనిసరి: ‘ఇన్ 2019, 2 న్యూ డిస్ట్రిక్ట్స్ వర్ ఫార్మ్డ్ ఇన్ తెలంగాణ.’ కర్త క్రియ తర్వాత వచ్చే తిరగేసిన వాక్యాల్లో కామా వద్దు: ‘ఆన్ ద హిల్ స్టాండ్స్ పద్మాక్షి టెంపుల్.’

‘యెస్’, ‘నో’, ‘సర్’ తర్వాత కామా పెట్టండి. ‘హవెవర్’, ‘దేర్‌ఫోర్’తో వాక్యం మొదలైనా అంతే. ఇక్కడ మనవాళ్లు రెండు రకాలుగా పొరపాటు పడతారు. ‘హవెవర్’ చూసిన చేత్తో ‘బట్’, ‘ఆల్‌దో’ వెంటనే కూడా కామా పెట్టేస్తారు. ‘ఆల్‌దో, ఇట్ వాజ్ లేట్’ తప్పు, ఎందుకంటే కామా రావాల్సింది ‘లేట్’ తర్వాత. రెండోది, రెండు పూర్తి వాక్యాలను ‘హవెవర్’తో, దానికి చెరో పక్క కామాలతో అతికించడం: ‘ఇట్ రెయిన్డ్, హవెవర్, ద బస్ కేమ్.’ రెండు నిండు వాక్యాలను ఆపే బలం కామాకు లేదు. ‘రెయిన్డ్’ తర్వాత ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ కావాలి.

చిన్నప్పుడు కంఠతా పట్టిన సెలవు చీటీ ఓసారి తీయండి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మి లీవ్ ఫర్ టూ డేస్.’ తెలుగులో ‘జ్వరంతో బాధపడుతున్నందున’. ఆ ‘-నందున’ ‘ఫీవర్’ మీద పడుతుంది. కామా అక్కడ పెట్టండి.