ట్రయల్స్ బండి బరువు తగ్గాలి, ఫ్రేమ్ విరగకూడదు: సమస్యలు - పరిష్కారాలు

ట్రయల్స్ అనే బైక్ పోటీలో వేగంతో పని లేదు. కాలు కింద పెట్టకుండా బండరాయి ఎక్కి దిగాలి, పెడితే పెనాల్టీ పాయింటు పడుతుంది. రాయగడలో మేం నలుగురం పాత 100 సీసీ బళ్లను ఇందుకోసం మార్చుకుని నాగావళి ఒడ్డు రాళ్ల మీద నడుపుతున్నాం. ఫ్యాక్టరీ ట్రయల్స్ బళ్లు 65 నుంచి 75 కిలోల మధ్య ఉంటాయి. మన బండేమో దాదాపు 110. ఆ తేడా చూడగానే ఎవరికైనా గ్రైండర్ మీదికి చెయ్యి పోతుంది. కోసే ముందు ఒక్కటే చూడండి: బండి దూకినప్పుడు దెబ్బ ఏ దారిన పోతోంది? ఆ దారిలో ఉన్న ఇనుమును ముట్టుకోవద్దు.

సమస్య: ఎన్ని రంధ్రాలు వేసినా బరువు తగ్గలేదు, ప్లేట్లు మాత్రం వంగుతున్నాయి

లెక్క కట్టి చూడండి. 4 మి.మీ. ఇనుప ప్లేటుకు 10 మి.మీ. రంధ్రం వేస్తే పోయేది రెండున్నర గ్రాములే. నలభై రంధ్రాలు వేసినా 100 గ్రాములు రావు. పైగా ప్రతి రంధ్రం అంచూ ఒక పగులుకు దారి. మెయిన్ స్టాండ్, సారీ గార్డ్, లెగ్ గార్డ్, వెనక ఫుట్‌రెస్టులు, పొడుగు సీటు, చైన్ కవరు తీసేస్తే కిలోల్లో తేడా వస్తుంది, బలం రవ్వంత కూడా తగ్గదు. వెనక ఫ్రేమ్‌లో షాక్ అబ్జార్బర్ పై బోల్టు దాటాక ఉన్నదంతా కోసేయొచ్చు. బోల్టుకు ముందున్నది మాత్రం దెబ్బ మోసే భాగం. మాలో ఒకరు అక్కడా రెండంగుళాలు తీసేశారు, రెండో వారానికే షాక్ పక్కకు ఒరిగింది.

సమస్య: ఫుట్‌రెస్ట్ అతికిన చోట పగులు

అన్నిటికంటే ప్రమాదమైంది ఇదే, నాకు స్వయంగా జరిగింది. మూడడుగుల రాయి మీంచి దిగగానే కుడికాలి కింద మెత్తగా అనిపించింది. చూస్తే పెయింటు మీద వెంట్రుకంత గీత. పెయింటే లేచిందేమో అనుకున్నాను. గోకి, కిరోసిన్ పూసి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాను. రెండు నిమిషాల్లో తెల్లటి పొడిలో సన్నటి తడి గీత తేలింది. వెల్డింగ్ అంచు వెంట పైపును సగం చుట్టేసింది.

కారణం: ట్రయల్స్‌లో నిలబడే నడుపుతాం, కాబట్టి ఒళ్లు బరువంతా ఆ రెండు ఫుట్‌రెస్టుల మీదే. దూకినప్పుడు అది రెట్టింపులకు రెట్టింపులవుతుంది. నేను ఫుట్‌రెస్టులను వెనక్కీ కిందికీ జరిపి, 5 మి.మీ. ప్లేటును పలచని పైపుకు ఒక్క చోట, అదీ అడ్డంగా అతికించాను. ప్లేటు వంగదు, పైపు వంగుతుంది, రెండూ కలిసే గీత దగ్గర చిరుగుతుంది. అది వెల్డర్ చేతి తప్పు కాదు, నేను గీసిచ్చిన డిజైన్ తప్పు.

పరిష్కారం: పగులు మీద ఇంకో పొర వెల్డింగ్ పోస్తే పక్కనే మళ్లీ విరుగుతుంది. ముందు పగులు కొన దగ్గర 3 మి.మీ. రంధ్రం వేసి ఆపండి. గీతను వి ఆకారంలో గ్రైండ్ చేసి నింపండి. తర్వాత 2 మి.మీ. రేకును పైపు మీద జీనులా వంచి, పొడవు వైపులా మాత్రమే అతకండి. దాని కొనలను చేప తోకలా కోస్తే బలం ఒకే గీత మీద పడదు. ఫుట్‌రెస్ట్ ప్లేటును ఆ జీను మీద పెట్టి, రెండో కొనను స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) బోల్టు దగ్గరి బ్రాకెట్‌కు కలపండి. అతికిన చోట నీళ్లు పోసి చల్లార్చవద్దు, ఇనుము పెళుసెక్కుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ, సీడీఐ (ప్లగ్గుకు స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ పెట్టె) వైర్లు తీసేయడం మరిచిపోవద్దు.

సమస్య: కొత్త పైపులు వేశాక ఫ్రేమ్ మెలిదిరుగుతోంది

బరువు తగ్గాలని సన్న పైపు వేస్తారు, కారణం అదే. పైపు గట్టిదనాన్ని మందం కంటే వ్యాసమే ఎక్కువ పెంచుతుంది. 25 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న ఇనుప పైపు మీటరుకు సుమారు 1.13 కిలోలు. 32 మి.మీ. వ్యాసం, 1.2 మి.మీ. మందమైతే 0.91 కిలోలే. బరువు అయిదో వంతు తగ్గింది, వంగకుండా నిలిచే గుణం 40 శాతానికి పైగా పెరిగింది. నాకు ఈ లెక్క మొదటిసారి తేలిన రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అయితే పలచని గోడకు రాయి తగిలితే సొట్ట పడుతుంది, సొట్ట పడిన పైపు అక్కడే మడత పడుతుంది. అందుకే ఇంజన్ కింద రాళ్లకు తగిలే పైపులు మందంగానే ఉంచి, పైన ఉన్నవాటికే ఈ మార్పు చేయండి. 1.2 మి.మీ. పైపుకు ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లులు పడతాయి. టిగ్ (ఆర్గాన్) వెల్డింగ్ గానీ, చెయ్యి తిరిగినవాళ్ల గ్యాస్ వెల్డింగ్ గానీ కావాలి.

సమస్య: అల్యూమినియం స్వింగ్ ఆర్మ్ అతుకు పక్కన విరిగింది

6061 టీ6 రకం అల్యూమినియంను వెల్డ్ చేస్తే, వేడి తగిలిన చోట బలం సగం దాకా పోతుంది. మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తేనే తిరిగి వస్తుంది. మన దగ్గర ఆ వసతి లేకపోతే స్వింగ్ ఆర్మ్ ఇనుముతోనే చేయండి. హ్యాండిల్, లివర్లు, ఇంజన్ కింది గార్డు వరకు అల్యూమినియం చాలు.

సమస్య: స్పోకులు మెడ దగ్గర తెగుతున్నాయి, ట్యూబ్ వాల్వ్ పీకుతోంది

తేలిక రిమ్ వేశాక వదులైన స్పోకులు ప్రతి దెబ్బకూ ఊగి మెడ దగ్గర అలసిపోతాయి. స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటీ మీటండి. ఒకే వైపువి ఒకే శ్రుతిలో పలకాలి, బొంగురుగా పలికినదాన్ని బిగించండి. వాల్వ్ సంగతి వేరు: పట్టు కోసం గాలి బాగా తగ్గిస్తే టైరు రిమ్ మీద జారి ట్యూబును లాక్కుపోతుంది. టైరును రిమ్‌కు బిగించి పట్టే రిమ్ లాక్ వేయండి. అది కాస్త బరువే, అయినా వదలొద్దు.

సమస్య: బండి తేలికైంది, కానీ రాయి ముందు ఇంజన్ ఆగిపోతోంది

గేరింగ్ రోడ్డుది. ముందు 14, వెనక 42 పళ్ల స్ప్రాకెట్ల (చైన్ చక్రాల) బదులు 13-50 వేస్తే చక్రానికి అందే లాగుడు 28 శాతం పెరుగుతుంది. చైన్‌కు లింకులు కలపాల్సి వస్తుంది.

సమస్య: యాక్సిల్ బరువు

15 మి.మీ. యాక్సిల్ మధ్యలో 7 మి.మీ. రంధ్రం తీస్తే బరువు అయిదో వంతు పోతుంది, బలం 5 శాతమే తగ్గుతుంది. లేత్ మీద మాత్రమే చేయించండి. చేతి డ్రిల్లు వంకర పోతే ఒక వైపు గోడ పలచనైపోతుంది. యాక్సిల్, బ్రేక్, స్టీరింగ్ దగ్గర అల్యూమినియం బోల్టులు వద్దు, తలపై 8.8 అని (గట్టిదనం గుర్తు) ఉన్న ఇనుప బోల్టులే వేయండి. ఇలా కోసిన బండి రోడ్డెక్కకూడదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మేం ట్రాలీ ఆటోలో నది దాకా తీసుకెళ్లి, దించగానే ఈ బోల్టులన్నిటికీ ఒకసారి పానా వేసి చూస్తాం.