మిస్డ్ అప్రోచ్‌లో తడబాటు: సమస్య - పరిష్కారం

నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి పైలట్ ట్రైనింగ్‌కు వెళ్లే పిల్లలు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా మిస్డ్ అప్రోచ్ దగ్గరే, అంటే దిగడం కుదరక మళ్లీ పైకి వెళ్లే పద్ధతి దగ్గరే ఇబ్బంది పడతారు. జనవరి తెల్లవారుజామున విజయవాడ హైవే మీద పొగమంచులో ప్రయాణం చేసినవాళ్లకు ముందు దారి కనబడకపోవడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

సమస్య: డెసిషన్ ఆల్టిట్యూడ్ (దిగాలా వద్దా తేల్చుకోవాల్సిన ఎత్తు) వచ్చింది, రన్‌వే లైట్లు కనబడలేదు. అయినా "ఇంకొంచెం చూద్దాం" అని దిగుతూనే ఉన్నారు.

కారణం: ల్యాండ్ అవుతామని మనసు ముందే ఖాయం చేసుకుంది. అంకెల తికమక కూడా ఉంటుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టే సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తులో ఉంది. కేటగిరీ-1 ఐఎల్ఎస్‌లో (రేడియో సంకేతాల సాయంతో రన్‌వేకు దిగే పద్ధతి) నేలకు 200 అడుగుల పైన ఉన్నప్పుడు, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే సెట్టింగ్) పెట్టిన ఆల్టీమీటర్‌లో కనిపించేది 2,200 దగ్గర.

పరిష్కారం: దిగడం మొదలుపెట్టకముందే చార్ట్‌లో ఆ అంకె చూసి బయటికి చదవండి. 100 అడుగుల ముందు మళ్లీ చెప్పుకోండి. అంకె వచ్చేసరికి లైట్లు లేవంటే గో అరౌండ్ (దిగడం ఆపి మళ్లీ పైకి ఎక్కడం), అంతే. మబ్బులో నేల నుంచి 1,000 అడుగుల దగ్గరికి వచ్చినా స్పీడు, గ్లైడ్ స్లోప్ (దిగే వాలు) కుదరకపోతే అప్పుడూ అదే. మంగళూరులో 2010 మే 22న 158 మంది చనిపోయిన ప్రమాదంలో, కో-పైలట్ గో అరౌండ్ అని చెప్పినా కెప్టెన్ అప్రోచ్ ఆపలేదని విచారణలో తేలింది. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చినా పాటించి తీరాలి.

సమస్య: పవర్ పెట్టగానే ముక్కు మరీ పైకి లేచినట్టు అనిపించి, యోక్ (విమానం నడిపే చక్రం) ముందుకు తోస్తున్నారు.

కారణం: ఇది అన్నిటికంటే ప్రమాదం. బయట ఏమీ కనబడనప్పుడు విమానం ఒక్కసారిగా వేగం అందుకుంటే, మనం వెనక్కి వాలుతున్నామని లోపలి చెవి పొరబడుతుంది. 2000 ఆగస్టు 23 రాత్రి బహ్రెయిన్‌లో గో అరౌండ్ చేసిన విమానం సముద్రంలో పడి 143 మంది చనిపోవడానికి ఈ భ్రమ కూడా ఒక కారణం.

పరిష్కారం: చూపు ఆటిట్యూడ్ ఇండికేటర్ (ముక్కు, రెక్కలు ఎలా ఉన్నాయో చూపే పరికరం) మీదే ఉండాలి. ఫుల్ పవర్, హ్యాండ్‌బుక్‌లో ఇచ్చిన పిచ్ (ముక్కు కోణం), రెక్కలు సమానంగా. ఆల్టీమీటర్, వర్టికల్ స్పీడ్ రెండూ పైకి వెళ్తున్నాయని చూశాకే గేర్ (చక్రాలు) ఎత్తండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) ఒకేసారి మొత్తం తీయొద్దు. ఏటీసీకి (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) చెప్పడం ఆ తర్వాతే, రెండు సెకన్లు ఆలస్యమైనా ఫర్వాలేదు.

సమస్య: విమానం పైకి లేవడం లేదు.

కారణం: మన ఎండలు. శంషాబాద్ ఎత్తులో 40 డిగ్రీలుంటే ఇంజిన్‌కు, రెక్కలకు అది సుమారు 5,500 అడుగుల ఎత్తులో ఉండే పలుచని గాలి. మిస్డ్ అప్రోచ్ దారిని మామూలుగా 2.5 శాతం ఎక్కుడుకు గీస్తారు. అంటే 90 నాట్ల దగ్గర నిమిషానికి దాదాపు 230 అడుగులు.

పరిష్కారం: బయల్దేరేముందే పెర్ఫార్మెన్స్ చార్ట్ తీయండి. బరువు తగ్గించండి, లేదా పొద్దున్నే వెళ్లండి.

సమస్య: గో అరౌండ్ ముందే నిర్ణయించుకుని, వెంటనే టర్న్ తిప్పేస్తున్నారు.

పరిష్కారం: ఏటీసీ వేరే చెప్పకపోతే మిస్డ్ అప్రోచ్ పాయింట్ (చార్ట్‌లో మిస్డ్ అప్రోచ్ మొదలయ్యే చోటు) దాకా నేరుగా ఎక్కుతూ వెళ్లి, చార్ట్ చెప్పిన చోటే తిరగండి. అంతకుముందు తిరిగితే కొండలు, టవర్ల నుంచి చార్ట్ మిమ్మల్ని కాపాడదు. మళ్లీ అప్రోచ్ అడిగేముందు, ఆల్టర్నేట్‌కు (ఇక్కడ దిగడం కుదరకపోతే వెళ్లే వేరే ఎయిర్‌పోర్ట్) చేరే ఇంధనం మిగిలిందో లేదో లెక్క చూసుకోండి.