ఎండలో పోర్ట్రెయిట్లు: ఎన్‌డీ ఫిల్టర్ పెట్టినా ఫొటో తేడా కొడుతోందా?

ఎఫ్ 1.8లో తీస్తే ఫొటో తెల్లబోతోంది

ఎన్‌డీ ఫిల్టర్ అంటే లెన్స్ ముందు బిగించే, లోపలికొచ్చే వెలుగుని తగ్గించే నల్లటి అద్దం. మిట్టమధ్యాహ్నం రుషికొండ బీచ్‌లో ప్రీవెడ్డింగ్ షూట్ అనుకోండి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే లెక్క) 100, ఎఫ్ 1.8 (లెన్స్ బాగా తెరిచి) పెడితే ఆ ఎండకి షట్టర్ స్పీడ్ 1/8000 సెకను దాకా కావాలి. మీ కెమెరా 1/4000 దగ్గరే ఆగిపోతే ఒక స్టాప్ (అంటే రెండింతలు) వెలుగు ఎక్కువైపోయి పెళ్లికొడుకు తెల్ల చొక్కా, నుదురు కాగితంలా అయిపోతాయి, పూర్తిగా పోయిన డీటెయిల్ రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైల్) కూడా తిరిగి రాదు. మూడు స్టాపులు తగ్గించే ఎన్‌డీ 8 పెడితే 1/1000కి దిగుతుంది, గొడవ వదిలింది. ఎలక్ట్రానిక్ షట్టర్ 1/16000 వరకు వెళ్లే కెమెరా ఉండి, ఫ్లాష్ వాడే పని లేకపోతే మాత్రం ఫిల్టర్ కొనకండి, డబ్బులు దండగ.

కళ్ల కింద నల్లటి నీడలు అలాగే ఉన్నాయి

చాలామంది ఎన్‌డీ కొనేది ఇవి పోతాయనే ఆశతోనే. పోవు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు కాబట్టి ఆ నీడలు పడుతున్నాయి, ఫిల్టరేమో వెలుగునీ నీడనీ ఒకే లెక్కన తగ్గిస్తుంది. మనం కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుంటే ఎదుటి మనిషి మొహం మీద నీడ పోతుందా? మనిషిని ఎండకి వీపు పెట్టి నిలబెట్టండి, ముందు నుంచి తెల్ల థర్మకోల్ షీట్ పట్టించండి. వెండి రిఫ్లెక్టర్ కొడితే పాపం కళ్లు చికిలిస్తారు. సహాయకులు ఇద్దరుంటే తల మీద పల్చటి తెల్ల గుడ్డ పట్టించడం ఇంకా మేలు.

ఫ్లాష్ వేస్తే నల్ల పట్టీ, ఎన్‌డీ పెడితే ఫ్లాష్ పడినట్టే లేదు

పట్టీ రావడానికి కారణం సింక్ స్పీడ్ (ఫ్లాష్ వెలుగు ఫొటో మొత్తానికీ పడే గరిష్ఠ షట్టర్ స్పీడ్) దాటడం, చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250. అంతకన్నా వేగంగా కూడా ఫ్లాష్ వాడనిచ్చే హై స్పీడ్ సింక్ ఆన్ చేస్తే పట్టీ పోతుంది గానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, ఆ ఎండలో కెమెరా మీద పెట్టే చిన్న ఫ్లాష్ (స్పీడ్‌లైట్) ఏ మూలకీ చాలదు. అందుకే షట్టర్ 1/200లో ఉంచి, ఎఫ్ 2కి ఐదు స్టాపుల ఎన్‌డీ 32 పెడతాం. ఇక్కడే రెండో తలనొప్పి మొదలవుతుంది, ఎందుకంటే ఫిల్టర్ ఎండతో పాటు ఫ్లాష్‌నీ కోసేస్తుంది, అంటే ఫిల్టర్ లేకుండా ఎఫ్ 11లో తీస్తే ఎంత పవర్ కావాలో ఇప్పుడూ అంతే కావాలి. ఫ్లాష్‌ని దగ్గరికి జరపండి. దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలు, అంటే రెండు స్టాపులు ఉత్తినే వచ్చినట్టే. అప్పటికీ చాలకపోతే 200 వాట్ సెకండ్ల స్ట్రోబ్ (పెద్ద ఫ్లాష్) అద్దెకు తెచ్చుకోవడమే, ఇంకో మార్గం వెతుక్కుంటూ టెన్షన్ పడొద్దు.

రంగులు మారిపోయాయి

ఫొటో మొత్తం ఒకే ఛాయ తిరిగితే తేలికే, ఫిల్టర్ ఉంచే గ్రే కార్డుతో (బూడిద రంగు అట్ట) వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, సెట్ చేయండి. మొహం రంగు సరిగ్గానే ఉండి నల్ల షేర్వాణీ ఒక్కటే మెరూన్‌లోకి తిరిగిందంటే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనిపించని కాంతి) లీకవుతోందన్నమాట, దాన్ని వైట్ బ్యాలెన్స్ ఏమీ చేయలేదు, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఎన్‌డీ తీసుకోవాల్సిందే. తిప్పి వెలుగు ఎంత తగ్గాలో మార్చుకునే వేరియబుల్ ఎన్‌డీ అయితే ఇంకో రకం. అందులో ఉండేవి రెండు పోలరైజర్లు (మెరుపుల్ని అడ్డుకునే ఫిల్టర్లు) కాబట్టి తిప్పుతుంటే చర్మం మీది మెరుపు వస్తూ పోతూ ఉంటుంది, కెమెరా నిలువుగా పట్టుకున్నప్పుడు ఒకలా అడ్డంగా పట్టుకున్నప్పుడు ఒకలా వస్తుంది, వైడ్ లెన్స్‌లో చివరిదాకా తిప్పితే ఆకాశంలో ఇంటూ గుర్తులాంటి మచ్చ కూడా పడుతుంది. వీడియోకి సుఖమే గానీ ఫొటోలకి నా ఓటు ఒకే లెక్కన తగ్గించే ఫిక్స్‌డ్‌కే.

ఫొటో పాలిపోయినట్టు ఉంది

ముందు లెన్స్ రక్షణకి పెట్టే యూవీ ఫిల్టర్ తీసేయండి, దాని మీదే ఎన్‌డీ బిగించేవాళ్లు ఎక్కువ. అద్దం మీద వేలిముద్రలుంటే తుడిచి లెన్స్ హుడ్ పెట్టండి, ఎదురెండలో అది తప్పనిసరి. ఫిల్టర్ బిగుసుకుపోయి రాకపోతే ఒకవైపే గట్టిగా నొక్కి తిప్పకండి, రింగ్ వంగి ఇంకా పట్టేస్తుంది. చుట్టూ రబ్బర్ బ్యాండ్ వేసి మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది.