వర్డ్‌ప్రెస్ డైరెక్టరీకి థీమ్ పంపేటప్పుడు నేను పాటించే వరుస

నా మొదటి థీమ్ (వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైటుకు రూపునిచ్చే ఫైళ్ల కట్ట) ఒక్క ఫొటో వల్ల వెనక్కి వచ్చింది. కోడ్ మీద మూడు నెలలు కూర్చున్నాను, ప్రతి ఫైలూ పదేపదే చదివాను. స్క్రీన్‌షాట్‌లో పైభాగాన పెట్టిన పొగమంచు కొండల బొమ్మ ఎక్కడిదో మాత్రం రాసిపెట్టుకోలేదు. సమీక్షకుడు అడిగిన మొదటి ప్రశ్న అదే: ఈ చిత్రం ఎవరిది, ఏ లైసెన్సు కింద ఉంది? నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఏ థీమ్ చేసినా పనిని ఫొటోల దగ్గరే మొదలుపెడుతున్నాను. మీకూ అక్కడి నుంచే చెబుతాను.

నేను చెబుతున్నది వర్డ్‌ప్రెస్.ఆర్గ్‌లోని ఉచిత థీమ్‌ల డైరెక్టరీ గురించి. సొంతంగా వర్డ్‌ప్రెస్ పెట్టుకున్నవారు డ్యాష్‌బోర్డులో కొత్త థీమ్ కోసం వెతికినప్పుడు కనిపించేవి ఆ డైరెక్టరీలోవే. అక్కడి సమీక్షకులు స్వచ్ఛందంగా పనిచేసేవారు. మీ థీమ్ అందంగా ఉందా లేదా అన్నది వారు తేల్చరు. ముక్కూమొహం తెలియని ఒకరు దీన్ని తమ సైటులో పెట్టుకుంటే వారికి హాని జరగకుండా ఉంటుందా అని చూస్తారు. నియమాలన్నీ ఆ ఒక్క ప్రశ్న నుంచి పుట్టినవే. అది మనసులో పెట్టుకుంటే చాలా నియమాలను బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ముందు లైసెన్సు సంగతి. థీమ్‌లోని ప్రతి ముక్కా జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు పొసగాలి. కోడ్ ఒక్కటే కాదు, ఫాంట్లు, ఐకాన్లు, చిత్రాలు కూడా. ‘ఉచితం’ అన్న మాట చూసి తొందరపడకండి. అన్‌స్ప్లాష్ అనే ఫొటోల సైటు ఒకప్పుడు సీసీ0 (తీసినవారు హక్కులన్నీ వదులుకునే లైసెన్సు) కింద ఫొటోలు ఇచ్చేది. 2017లో సొంత లైసెన్సుకు మారింది. అలాంటిదే అయిన పిక్సాబే 2019లో అదే దారి పట్టింది. వాటిలోని ఫొటోలను వాడుకోవచ్చు గానీ, కొన్ని రకాలుగా అమ్మడం, పోగుచేసి పంచడం కుదరదు. జీపీఎల్ మాత్రం తీసుకున్నవారు మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటుంది, పైగా కొత్త ఆంక్షలు చేర్చనివ్వదు. ఈ రెండూ ఒక జిప్ ఫైలులో ఇమడవు. వర్డ్‌ప్రెస్ వారి ఫొటో డైరెక్టరీ 2021 డిసెంబరు నుంచి ఉంది. అందులోనివన్నీ సీసీ0 కిందే ఉంటాయి, అందుకే నేను ముందు అక్కడే వెతుకుతాను. మీరే తీసిన ఫొటో అయితే ఇంకా మంచిది. తీసింది మీరేననీ, ఏ లైసెన్సుతో ఇస్తున్నారో రాస్తే చాలు.

ఇక రాయడం ఎక్కడ? థీమ్ ఫోల్డరులోని రీడ్‌మీ.టెక్స్ట్ ఫైలులో. నేను థీమ్‌లో మొట్టమొదట తెరిచే ఫైలు ఇదే. ఒక చిత్రాన్ని ఫోల్డరులో వేయగానే అందులో ఐదు విషయాలు రాస్తాను: ఫైలు పేరు, చిత్రం శీర్షిక, తీసినవారి పేరు, లైసెన్సు, తెచ్చిన చోటి లింకు. ఫాంట్ ఆసమ్ లాంటి ఐకాన్ల పొట్లం తెస్తే ఒక్క వరుసతో సరిపోదు. దాని ఉచిత రకంలో ఐకాన్లకు సీసీ బై 4.0, ఫాంట్లకు ఓపెన్ ఫాంట్ లైసెన్సు, కోడ్‌కు ఎంఐటీ లైసెన్సు వర్తిస్తాయి. మూడూ రాయాలి. ఈ పని తెచ్చిన రోజే చేస్తే రెండు నిమిషాలు. మూడు నెలల తర్వాత చేయబోతే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో మనకే గుర్తుండదు.

పేరు విషయంలో జాగ్రత్త ఒకటే. థీమ్ పేరులో ‘వర్డ్‌ప్రెస్’, ‘థీమ్’ అన్న మాటలు వాడకూడదు. స్టైల్.సీఎస్ఎస్ ఫైలు తలభాగంలో మీరు రాసిన పేరు నుంచే డైరెక్టరీలో మీ థీమ్ చిరునామా తయారవుతుంది, తర్వాత దాన్ని మార్చుకోలేరు. అనువాదాల కోసం ఇచ్చే టెక్స్ట్ డొమైన్ కూడా అచ్చంగా ఆ చిరునామాలాగే ఉండాలి. ఒక్క హైఫన్ తేడా వచ్చినా తప్పే. వెర్షను, లైసెన్సు, ఏ వర్డ్‌ప్రెస్ వరకు పరీక్షించారు, కనీసం ఏ పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ కోడ్ రాసే భాష) వెర్షను కావాలి అన్న వరుసలన్నీ ఆ తలభాగంలోనే నింపండి.

మొదటిసారి పంపేవారికి నా సలహా బ్లాక్ థీమ్, అంటే పేజీలోని ప్రతి భాగాన్నీ బ్లాకులుగా అమర్చే థీమ్, చేయమనే. 2022 జనవరిలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.9 వెర్షనుతో పూర్తి బ్లాక్ థీమ్‌లకు దారి తెరుచుకుంది. వాటిలో టెంప్లేట్లు హెచ్‌టీఎంఎల్ ఫైళ్లే, రంగులూ కొలతలూ చాలావరకు థీమ్.జేసన్ అనే సెట్టింగుల ఫైలులో ఉంటాయి, తెర మీదికి పంపే పనిని ఎక్కువ భాగం వర్డ్‌ప్రెస్సే చూసుకుంటుంది. మీరు పీహెచ్‌పీ ఎంత తక్కువ రాస్తే సమీక్షలో దొరికే తప్పులు అంత తక్కువ. పాత పద్ధతిలో థీమ్ చేయడమూ నేరం కాదు, నావి రెండు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కానీ ఆ దారిలో వెళ్తే ఈ కింది విషయం కంఠతా రావాలి.

అది ఎస్కేపింగ్, అంటే తెర మీదికి పంపే మాటలో కోడ్‌గా నడిచే గుర్తులను నిర్వీర్యం చేయడం. డేటాబేసు నుంచి వచ్చిన ఏ మాటనూ ఉన్నది ఉన్నట్టు తెర మీదికి పంపకూడదు. పేజీ అడుగున ఉండే ఫూటర్‌లో సైటు యజమాని తనకు నచ్చిన వాక్యం రాసుకునే సౌకర్యం ఇచ్చారనుకోండి. ఆ పెట్టెలో ఎవరైనా వాక్యానికి బదులు ఒక స్క్రిప్టు అతికిస్తే, మీ కోడ్ దాన్ని నేరుగా ఎకో (తెర మీదికి పంపే పీహెచ్‌పీ ఆదేశం) చేస్తే, సైటుకు వచ్చిన ప్రతి ఒక్కరి బ్రౌజరులోనూ అది నడుస్తుంది. అందుకే మామూలు మాటలకు ‘ఎస్క్ హెచ్‌టీఎంఎల్’, లింకులకు ‘ఎస్క్ యూఆర్ఎల్’, ట్యాగు లోపలి విలువలకు ‘ఎస్క్ యాట్రిబ్యూట్’ ఫంక్షన్లు ఉన్నాయి. కొన్ని ట్యాగులను ఉండనివ్వాలంటే ‘కేసెస్ పోస్ట్’ వాడాలి. ఎక్కడో పైన శుభ్రం చేసి వేరియబుల్‌లో దాచి, నలభై వరుసల కింద వాడడం సమీక్షకులకు నచ్చదు. బయటికి పంపే ఆ వరుసలోనే ఎస్కేప్ కనిపించాలి. ఒకసారి సమీక్షకురాలు ఇలాంటి చోటు ఒకటి చూపించారు. నేను ఆ ఒక్కటే దిద్ది పంపాను. మళ్లీ తిరిగి వచ్చింది. అప్పుడు ఫోల్డరు మొత్తంలో ‘ఎకో’ అన్న మాట వెతికితే ఇంకా పదకొండు చోట్ల అదే తప్పు దొరికింది. సమీక్షకులు చూపేది ఉదాహరణ మాత్రమే. అలాంటివన్నీ వెతికి దిద్దాల్సింది మనం.

మీ ఫంక్షన్ల, సెట్టింగుల పేర్ల ముందు మీకే ప్రత్యేకమైన మాట ఒకటి తగిలించండి. లేకపోతే ఏదైనా ప్లగిన్‌లో (సైటుకు అదనపు సౌకర్యాలు చేర్చే ప్రోగ్రాం) అదే పేరు ఉన్న రోజున సైటు మొత్తం కూలిపోతుంది. అలాగే షార్ట్‌కోడ్లు (పోస్టులో రాస్తే ఒక సౌకర్యాన్ని తెచ్చిపెట్టే పొట్టి గుర్తులు), కొత్త పోస్టు రకాలు, సందర్శకుల లెక్కలు థీమ్‌లో పెట్టకండి. వాటి చోటు ప్లగిన్. ఈ నియమం మీద చాలామంది విసుక్కుంటారు, నేను మాత్రం గట్టిగా దాని పక్షమే. రెండేళ్లు కష్టపడి రాసుకున్న వంటకాల పోస్టులు థీమ్ మార్చగానే మాయమైతే ఆ మనిషి ఎవరిని అడగాలి?

ఇప్పుడు పరీక్ష. ఒక ఖాళీ సైటు తెరిచి, డీబగ్ (కోడ్ తప్పులను చూపించే అమరిక) ఆన్ చేసి, వర్డ్‌ప్రెస్ వారు ఇచ్చే థీమ్ పరీక్ష సమాచారాన్ని అందులోకి దించండి. అది ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు, నిండా చిక్కుముళ్లే. ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ అని మధ్యలో ఖాళీ లేని ఒకే పదంతో ఒక శీర్షిక ఉంటుంది. ఫోను వెడల్పులో దాన్ని చూస్తే మీ పక్క పట్టీ నిలబడుతుందో లేదో తేలిపోతుంది. శీర్షికే లేని పోస్టు ఇంకొకటి ఉంటుంది. జాబితాలో దాని మీద నొక్కడానికి ఏమీ లేకపోతే పాఠకుడు లోపలికి ఎలా వెళ్తాడు? నా థీమ్‌లలో తేదీకి కూడా లింకు ఉండేది ఆ పోస్టు వల్లే. ఒకదానిలో ఒకటి దూరిన మెనూలు, జాబితాలు, పట్టికలు, వెడల్పాటి చిత్రాలు అన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. ఆ పైన నేను తెలుగు పోస్టు ఒకటి చేరుస్తాను. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు శీర్షికలో పెట్టి చూడండి. ఇంగ్లీషుకు సరిపోయిన వరుస ఎత్తు మన ఒత్తులకు చాలదు, కింది వరుస గుడులకు తగులుతుంది. సమీక్షలో ఎవరూ దీన్ని అడగరు. అయినా వాడేవారు చూసేది అదే.

తర్వాత మౌసు పక్కన పెట్టేయండి. ట్యాబ్ కీ ఒక్కటే నొక్కుతూ పేజీ అంతా తిరగండి. మొదటి నొక్కుకే విషయానికి నేరుగా దూకే లింకు కనిపించాలి. ఉపమెనూలు తెరుచుకోవాలి. ఏ లింకు మీద ఉన్నామో గీతగానో, రంగుగానో తెలియాలి. వ్యాసం లోపలి లింకులకు కింద గీత ఉండాలి. డిజైను బాగుంటుందని, ఏ లింకు మీద ఉన్నామో చూపే ఫోకస్ గీతను తీసేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి మానుకోండి. మౌసు పట్టుకోలేనివారికి దారి చూపేది ఆ గీతే.

థీమ్ చెక్ అనే ప్లగిన్‌ను నడిపి, తప్పనిసరి అన్నవన్నీ దిద్దాక స్క్రీన్‌షాట్ తీయండి. గరిష్ఠంగా 1200 గుణించు 900 పిక్సెళ్లు, నాలుగుకు మూడు నిష్పత్తి. థీమ్ నిజంగా ఎలా కనిపిస్తుందో అదే ఉండాలి, ప్రకటన బొమ్మ కాకూడదు.

జిప్ చేసేముందు ఫోల్డరు శుభ్రం చేయండి: కోడ్ రాసే పనిలో పోగయ్యే గిట్ ఫైళ్లు, నోడ్ మాడ్యూళ్లు, కంప్యూటర్ దాచిపెట్టే చిన్నాచితకా ఫైళ్లు ఏవీ ఉండకూడదు. కుదించిన జావాస్క్రిప్టు ఉంటే దాని అసలు రూపమూ పెట్టాలి. మొత్తం 10 ఎంబీ దాటకూడదు. ఆ జిప్‌ను ఇంకో కొత్త సైటులో ఎక్కించి, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా చూడండి. సమీక్షకులు చూసేది ఆ స్థితినే.

అప్‌లోడ్‌కు వర్డ్‌ప్రెస్.ఆర్గ్ ఖాతా కావాలి. 2024 అక్టోబరు 1 నుంచి థీమ్ రచయితలకు రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి, అది ముందే పెట్టుకోండి. జిప్ ఎక్కించగానే యంత్రం ఒకసారి తనిఖీ చేస్తుంది. పెద్ద తప్పులుంటే అక్కడికక్కడే తిప్పి పంపుతుంది. నెగ్గితే సమీక్ష నడిచే ట్రాక్ అనే వ్యవస్థలో మీ థీమ్ పేరిట ఒక టికెట్ తెరుచుకుంటుంది, మీకు ఈమెయిల్ వస్తుంది. ఇక వరుసలో నిలబడడమే. ఆ సమయంలో మరో థీమ్ పంపడానికి వీల్లేదు.

సమీక్ష వచ్చాక రెండుసార్లు చదివి, ఆ రోజుకు జవాబు రాయకుండా ఊరుకోండి. మర్నాడు అన్నీ దిద్ది, వెర్షను అంకె పెంచి, అదే పేజీలో మళ్లీ ఎక్కిస్తే పాత టికెట్‌కే చేరుతుంది. వారు రాసిన క్రమంలోనే ఏది ఎలా దిద్దారో టికెట్‌లో చెప్పండి. ఒక అభ్యంతరం అర్థం కాకపోతే ఏ నియమం ప్రకారమో అడగండి, మర్యాదగా అడిగితే ఓపికగా వివరిస్తారు. జవాబివ్వకుండా వదిలేస్తే టికెట్ మూతపడుతుంది.

ఆమోదం పొంది డైరెక్టరీలోకి వెళ్లిన థీమ్‌లోని మాటలు వర్డ్‌ప్రెస్ అనువాద వేదికలోకి చేరతాయి. నేను తెలుగు అనువాదం మొదటి రోజే మొదలుపెడతాను. పోయినసారి ‘మోర్’ అన్న చిన్న బటన్‌కు ‘మరింత చదవండి’ అని రాసేసరికి అది రెండు వరుసలై పక్కనున్న తేదీ మీదికి ఎక్కింది. బటన్‌కు కట్టిన వెడల్పు తీసేసి, వెర్షను 1.0.1 చేసి, ఆ సాయంత్రమే మొదటి అప్‌డేట్ పంపాను.