ఫోల్‌క్లింగెన్ ఇనుప కర్మాగారం: ఖనిజం నడిచిన దారినే చూడండి

జర్మనీలో ఫ్రాన్స్ సరిహద్దు దగ్గరున్న సార్‌బ్రూకెన్‌లో రైలెక్కితే పది నిమిషాల్లో ఫోల్‌క్లింగెన్. కర్మాగారం స్టేషన్ పక్కనే. నాలుగు గంటలైనా పెట్టుకోండి. హడావుడిగా చుట్టేస్తే తుప్పు తప్ప ఏదీ గుర్తుండదు. పట్టున్న బూట్లు తప్పనిసరి. పైన చాలాచోట్ల ఇనుప జాలీ మీదే నడవాలి, హీల్స్ ఇరుక్కుంటాయి.

వెళ్ళగానే 45 మీటర్ల ఎత్తున్న వ్యూ పాయింట్ ఎక్కేయకండి. ఫొటోలు బాగానే వస్తాయి గానీ ఏ గొట్టం ఎందుకుందో అర్థం కాదు. ముందు సింటర్ ప్లాంట్ (పొడి ఖనిజాన్ని వేడిచేసి గడ్డలుగా మార్చే చోటు), తర్వాత ఖనిజం నిల్వచేసిన షెడ్డు చూడండి. ఇక్కడికి వచ్చింది పక్కనే ఫ్రాన్స్‌లో ఉన్న లొరేన్ నుంచి 'మినెట్' ఖనిజం. ఇనుము 30 శాతం అటూ ఇటూ, పైగా ఫాస్ఫరస్. ఫాస్ఫరస్ ఉంటే ఉక్కు పెళుసెక్కుతుంది. దాన్ని వదిలించే థామస్ పద్ధతి 1870ల చివర్లో వచ్చాకే ఈ ఖనిజానికి గిరాకీ. లొరేన్‌లో కొంత భాగం 1871లో జర్మనీ చేతికొచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కు పోయింది. బొగ్గు ఇటు, ఖనిజం అటు: సరిహద్దు గొడవలో సగం ఈ షెడ్డులోనే ఉంది.

సింటర్ ప్లాంట్‌లో రెండు యుద్ధాల కాలంలో బలవంతపు చాకిరీ చేసినవాళ్ళ స్మారకం ఉంది. అక్కడ కాసేపు ఆగండి.

తర్వాత 27 మీటర్ల ఎత్తున ఉన్న ఛార్జింగ్ ప్లాట్‌ఫామ్‌కు మెట్లెక్కండి. ఏటవాలు లిఫ్ట్ మీద వేలాడే తొట్లలో ఖనిజం, కోక్ (బొగ్గును కాల్చి తయారుచేసే ఇంధనం) ఇక్కడికొచ్చేవి. కార్మికులు వాటిని పొరలు పొరలుగా ఫర్నేస్ (ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమి) నోట్లో పోసేవాళ్ళు. ఒకే వరుసలో ఆరు బ్లాస్ట్ ఫర్నేసులు; విశాఖ ఉక్కులో పనిచేసినవాళ్ళకి ఈ చోటు చెప్పకుండానే అర్థమవుతుంది. వ్యూ పాయింట్ ఇప్పుడెక్కండి. గాలివానలో, మంచులో మాత్రం వద్దు.

చివరికి బ్లోయర్ హాల్. ఫర్నేస్ నుంచి వచ్చిన గ్యాస్‌తోనే ఇక్కడి ఇంజన్లు తిరిగి ఫర్నేస్‌కి గాలి ఊదేవి. దుమ్ముతో వస్తే సిలిండర్లు పాడవుతాయి కాబట్టి గ్యాస్‌ని ముందే శుద్ధి చేసేవాళ్ళు. ఎగ్జిబిషన్ లైట్లలో పడి ఆ ఇంజన్ల ఫ్లైవీల్స్‌ని, అంటే భారీ చక్రాల్ని, వదిలేయకండి.

కర్మాగారం 1986లో ఆగింది, 1994లో యునెస్కో జాబితాకెక్కింది. ఆ ఊపులో సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని మొజెల్ జిల్లాలో ఉన్న పెతీత్-రొసెల్ బొగ్గుగని మ్యూజియానికి వెళ్ళాలంటే ఇంకో రోజు పెట్టుకోండి. పాస్‌పోర్ట్, జర్మనీలో ఉంటున్నవాళ్ళైతే అక్కడి రెసిడెన్స్ పర్మిట్ కూడా, దగ్గరుంచుకోండి. డిసెంబర్ 26న మాత్రం వద్దు: జర్మన్ల కాలం నాటి స్థానిక చట్టం వల్ల ఫ్రాన్స్‌లో మిగతాచోట్ల లేని సెలవు మొజెల్‌లో ఆ రోజు ఉంటుంది.