పెరాంబ్యులేట్ అనే ఆంగ్ల క్రియను పట్టుకునే పద్ధతి

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో డిగ్రీ చదివేవారికీ, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యేవారికీ ఆంగ్ల వ్యాసాల్లోనూ పాత సర్వే నివేదికల్లోనూ అరుదుగా ఎదురయ్యే క్రియ పెరాంబ్యులేట్. నిఘంటువులో దాని ఎదురుగా ‘నడచు, తిరుగు’ అని చూసి పుస్తకం మూసేస్తే పెద్దగా ప్రయోజనం ఉండదు. ఆ రెండు తెలుగు మాటలూ వాక్, రోమ్, వాండర్ వంటి క్రియలన్నిటికీ సరిపోతాయి కనుక పరీక్షలో వాటి మధ్య తేడా అడిగితే చేతులెత్తేయవలసి వస్తుంది.

ముందుగా పదాన్ని విడగొట్టాలి. లాటిన్‌లో ‘పెర్’ అంటే గుండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా. ‘అంబులారె’ అంటే నడవడం. రెండూ కలిస్తే ఒక చోటునంతటినీ కాలినడకన కలయదిరగడం అనే అర్థం వస్తుంది. తరువాత అదే ధాతువు నుంచి పుట్టిన, మనకు ముందే తెలిసిన మాటలను పక్కన రాసుకోవాలి. రాజ్యాంగ పీఠికను సూచించే ప్రియాంబుల్‌కు మూలార్థం ముందు నడిచేది. నిద్రలో నడిచేవాడు సోమ్నాంబులిస్ట్. మన రోడ్ల మీద 2005 నుంచి పరుగెడుతున్న 108 వాహనానికి ఉన్న అంబులెన్స్ అనే పేరు కూడా ఈ వంశానిదే: సైన్యం వెంట కదిలే ఆసుపత్రిని ఫ్రెంచివారు ‘నడిచే ఆసుపత్రి’ అన్నారు, కాలక్రమంలో ఆ పేరు గాయపడినవారిని మోసే బండికి దక్కింది.

ఇక చరిత్ర చూడాలి. నా ఉద్దేశంలో ఎక్కువ సమయం వెచ్చించవలసింది ఇక్కడే. పటాలు సరిగా లేని కాలంలో ఇంగ్లండులోని పారిష్‌ల, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతాల హద్దులు జనం జ్ఞాపకంలోనే ఉండేవి. అవి చెరిగిపోకుండా క్రీస్తు ఆరోహణ పండుగకు ముందు రోజుల్లో మతగురువు, ఊరిపెద్దలు, పిల్లలు కలిసి పొలిమేర వెంట నడుస్తూ హద్దురాళ్లను కర్రలతో తట్టేవారు. ఆ నడకకు పెరాంబ్యులేషన్ అని పేరు. తిరుగుతూ తిరుగుతూ చూసి నిర్ధారించుకోవడమనే ఛాయ ఈ క్రియకు ఉండడానికి ఇది ఒక కారణం. దూరం కొలవడానికి సర్వేయర్లు పిడి పట్టుకుని తోసుకుపోయిన చక్రాన్ని కూడా పెరాంబ్యులేటర్ అన్నారు. కంపెనీ కాలంలో మన దేశపు దారులను దానితోనూ కొలిచారు. 19వ శతాబ్దంలో ఆ పేరు పసిపిల్లల తోపుడుబండికి చేరి, చివరికి ప్రామ్‌గా కుదించుకుపోయింది.

అర్థం తెలిసిన తరువాత దానిని మన ఊరి సందర్భాల మీద పరీక్షించాలి. విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో పూజారి కూర్చునే పొడవాటి మాను, అంటే సిరిమాను, మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు వచ్చిపోతుంది. అది ఒకే దారిలో సాగే రాకపోక, పైగా బండి మీద సాగేది, కనుక ఈ క్రియ అక్కడ పొసగదు. ఆషాఢ పౌర్ణమికి మన వాళ్లు వెళ్లి చేసే సింహాచలం గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్ల నడకే అయినా, ఒకదాని చుట్టూ భక్తితో తిరగడానికి సర్కమాంబ్యులేట్ అనే సోదర పదం మేలు. వాన వెలిసిన మరునాడు మున్సిపల్ అధికారి కాలువలు చూసుకుంటూ వీధివీధీ నడిచి వస్తే, అది అచ్చమైన పెరాంబ్యులేషన్.

వాక్యంలో వాడేటప్పుడు ఈ క్రియ తిరిగిన చోటును నేరుగా కర్మగా తీసుకోగలదు: ‘ది ఆఫీసర్ పెరాంబ్యులేటెడ్ ది టౌన్’ అంటే చాలు, నడుమ ‘అరౌండ్’ అక్కరలేదు. నివేదికల్లో ఇది గంభీరంగా నిలుస్తుంది. మాటల్లో మాత్రం జాగ్రత్త అవసరం. రైతుబజారుకు వెళ్లి వంకాయలు తెచ్చిన సంగతికి ఈ క్రియను తగిలిస్తే వినేవారు నవ్వుతారు, ఆంగ్ల రచయితలు కూడా ఆ నవ్వు కోసమే అప్పుడప్పుడు దీనిని కావాలని వాడుతుంటారు.